సోలకు సొట్ట పడితే

మా అత్తగారికి 102 జ్వరం వచ్చిందని మా ఇంట్లో అందరికంటే ముందు ఒక యంత్రం చెప్పింది. ఆ సంగతి ఆవిడకే తెలీదు పాపం.

యంత్రం అంటే పెద్దదేం కాదు. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి సెలవుల్లో కూచుని చేసిన థర్మామీటరు. అరచేతిలో పట్టే బోర్డు, దానికో రెండు మూరల తీగె, తీగె చివర సగానికి కోసిన బటాణీ గింజంత నల్లటి ముక్క. ఆ ముక్కను చంకలో పెట్టుకుంటే బోర్డు మీది చిన్న అద్దంలో అంకెలు మెరుస్తాయి. వారం రోజులు ఇంట్లో ఎవర్నీ వదల్లేదు వాడు. పాలబ్బాయినీ, పనిమనిషినీ కూడా నిలబెట్టి చూశాడు. అందరికీ 98, 99 వస్తూంటే "చూశావా అమ్మా!" అని మురిసిపోయాడు. నేనూ మురిశాననుకోండి. కన్నతల్లిని కదా.

ఓ రాత్రి పది గంటలకి అత్తయ్యగారు, "ఒళ్లు కాస్త నలతగా ఉందే అమ్మాయ్" అన్నారు. వెంటనే వీడు తన యంత్రం పట్టుకొచ్చాడు. రోజూ దాన్ని కంప్యూటరుకు తగిలించి నడిపేవాడు. ఆవిడ గదిలో కంప్యూటరు లేదు కనక, మంచం పక్కన వేలాడుతున్న పాత సెల్‌ఫోను చార్జరుకు, పొడుగాటి తీగె ఒకటి వెతికి తగిలించాడు. అంకెలు 102 దాటి నిలబడ్డాయి. తీసి మళ్లీ పెట్టినా అంతే.

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. మావారు కారు తాళాలు వెతుక్కుంటున్నారు. నేను ఆవిడ చీరలు రెండు సంచిలో కుక్కుతున్నాను. ఆవిడ మటుకు మంచం మీద నింపాదిగా కూచుని, "ఒరే నాన్నా, 102 వస్తే నాకు వణుకు రాదుట్రా? బీరువాలో ఆ గాజుది ఉంటుంది, పట్రా" అన్నారు. పాదరసం థర్మామీటరు తెచ్చి పెడితే 99. మిరియాల కషాయం తాగి ఆవిడ పడుకున్నారు. సంచిలో చీరలు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి.

మా వాడు పడుకోలేదు. ఒంటిగంట దాకా ఆ గదిలో దీపం వెలుగుతూనే ఉంది. పొద్దున్న కాఫీ దగ్గర తేల్చి చెప్పాడు. నల్ల ముక్క తప్పు చెప్పలేదుట. బోర్డూ తప్పు చెయ్యలేదుట. తప్పంతా "రిఫరెన్సు వోల్టేజీ"దిట.

"అంటే?" అన్నాను. నేను బి.ఏ. తెలుగు సాహిత్యం. వాడు నాకు అర్థమయ్యేలా చెప్పాలని చాలా అవస్థ పడ్డాడు.

ఆ నల్ల ముక్క వేడిని విద్యుత్తుగా మార్చి చెబుతుంది. సెంటీగ్రేడు డిగ్రీ ఒక్కింటికి 10 మిల్లీవోల్టులు. మనిషి ఒళ్లు 37 డిగ్రీలైతే 370 మిల్లీవోల్టులు. ఆ 370ని బోర్డు తనకు తానుగా తెలుసుకోలేదు. తన దగ్గర ఉన్న ఇంకో వోల్టేజీతో పోల్చి చూసుకోవాలి. ఆ రెండోదాన్ని 1024 సమభాగాలు చేసి, మొదటిది అందులో ఎన్ని భాగాలకు సరిపోయిందో లెక్కపెడుతుంది. ఆ రెండోదే రిఫరెన్సు. మా వాడు అది 5 వోల్టులని రాసేసుకున్నాడు. బోర్డుకు కరెంటు ఎక్కణ్ణించి వస్తే అదే రిఫరెన్సు కింద వాడుకున్నాడు. కంప్యూటరు నించి వచ్చింది కొంచెం అటూ ఇటూగా అయిదే. పాత చార్జరూ, పొడుగు తీగే కలిసి ఇచ్చింది నాలుగుంముప్పావు.

అప్పుడు నాకు చటుక్కున మా అమ్మమ్మగారింట్లో బియ్యం కొలిచే ఇత్తడి సోల గుర్తొచ్చింది. ఆ సోలకు అడుగున సొట్ట ఉండేది. దాంతో కొలిస్తే అయిదు సోలల బియ్యం అయిదున్నర అయ్యేవి. బియ్యం పెరగలేదు, సోల తగ్గింది. అలాగే అత్తయ్యగారి వేడి పెరగలేదు, వీడి అయిదు వోల్టుల సోలకు సొట్ట పడింది. అంతే! నాకు అర్థమైనందుకు వాడికంటే నాకే ఎక్కువ ఆశ్చర్యం వేసింది.

ఆ తరవాత ఊరుకోలేకపోయాను. ఈ సొట్టల గొడవ మొదట ఎవరికి వచ్చింది, ఎలా సర్దుకున్నారు అని పుస్తకాలు వెతికి చదివాను. చదివిన కొద్దీ, మా వాడు ఒక్క రాత్రిలో పడిన తిప్పలే ఐరోపాలో మహామహులు మూడు వందల ఏళ్లు పడ్డారని తెలిసింది.

పదిహేడో శతాబ్దంలో ఇటలీలో, ముఖ్యంగా ఫ్లోరెన్సు నగరంలో, గాజు గొట్టంలో సారా పోసి మూతి కరిగించి మూసిన థర్మామీటర్లు చేసేవారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేవిట. తంటా ఏమిటంటే, ఒక పనివాడి థర్మామీటరులో 20 అంటే ఇంకొకడి దానిలో ఏమిటో ఎవరికీ తెలీదు. ఎవడి సోల వాడిది. ఎక్కడైనా, ఎప్పుడైనా ఒకే వేడిలో ఉండే వస్తువు ఒకటి దొరికితే, అక్కడ ఒక గీత గీసుకోవచ్చు. ఆ వస్తువు కోసం వెతుకులాట మొదలైంది.

ఎవరెవరు ఏమేం పట్టుకొచ్చారో చదువుతుంటే నవ్వాగదు. 1688లో దాలెన్సే అనే ఫ్రెంచి ఆయన, నీరు గడ్డకట్టే చోట ఒక గీత, వెన్న కరిగే చోట ఇంకో గీత అన్నాడు. వెన్న! ఆవు వెన్నా, గేదె వెన్నా? నిన్నటిదా, మొన్నటిదా? ఏ ఇల్లాలినైనా అడిగి ఉంటే నిమిషంలో తేల్చి చెప్పేది. పారిస్ అబ్జర్వేటరీ కింద సుమారు 28 మీటర్ల లోతున నేలమాళిగ ఉంది. అక్కడ ఎండాకాలమూ చలికాలమూ ఒకే చల్లదనం కనక అదే గీత అన్నారు మరికొందరు. న్యూటన్ అంతటివాడు 1701లో, కరిగే మంచు సున్నా, మనిషి ఒంటి వేడి 12 అని పెట్టుకున్నాడు.

చివరికి పేరు నిలిచింది ఫారన్‌హీటుకి. ఆయన కథ నవలలా ఉంటుంది. 1686లో డాన్‌జిగ్ రేవులో, వర్తకుల ఇంట్లో పుట్టాడు. పదిహేనేళ్ల వయసులో, 1701 ఆగస్టులో, విషపు పుట్టగొడుగులు తిని తల్లీ తండ్రీ ఒకే రోజున పోయారు. పిల్లవాణ్ణి వ్యాపారం నేర్చుకోమని ఆమ్‌స్టర్‌డామ్ పంపేశారు. వ్యాపారం వంటబట్టలేదు గాని గాజు గొట్టాల పిచ్చి పట్టుకుంది. 1714 నాటికి ఒకదానితో ఒకటి సరిగ్గా సరిపోయే రెండు థర్మామీటర్లు చేసి చూపించాడు. ఇప్పుడు మనకు అదేం గొప్ప అనిపిస్తుంది. ఆ రోజుల్లో పండితులు నోరు వెళ్లబెట్టారు.

1724లో ఆయన తన గీతలు ఎక్కడివో రాసి ప్రకటించాడు. మంచూ, నీళ్లూ, నవసారం కలిపిన కుండలో సున్నా. మన వీధుల్లోకి ఇత్తడి గిన్నెలకు కళాయి వెయ్యడానికి వచ్చేవాడు పొగ లేచేలా చల్లేవాడు చూడండి, ఆ నవసారమే. వట్టి మంచూ నీళ్లలో 32. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లోనో, చంకలోనో పెట్టుకుంటే 96.

ఇక్కడ కాసేపు ఆగాను నేను. మనిషికి జ్వరం ఉందో లేదో చెప్పాల్సిన పరికరానికి మనిషి ఒళ్లే కొలబద్ద! ఆ గీత గీసిన రోజున ఆ "ఆరోగ్యవంతుడి"కి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటేనో? మా వాడూ ఇదే చేశాడు. కరెంటు ఇచ్చే చార్జరునే కరెంటును కొలిచే సోలగా పెట్టుకున్నాడు. ఫారన్‌హీటుకే తప్పలేదు, వీడికి తప్పుతుందా అని కొంచెం ఊరట చెందాను.

1742లో స్వీడన్‌లో సెల్సియస్ ఈ పని మరింత ఓపిగ్గా చేశాడు. కరిగే మంచు ఏ రోజు చూసినా ఒకే గీత దగ్గర నిలబడుతోంది. మరిగే నీరు మాత్రం అలా కాదు, గాలి ఒత్తిడి మారితే తనూ జరుగుతోంది. కనక బారోమీటరు ఇంత చూపించినప్పుడు మరిగే నీరు అని షరతు పెట్టాడు. మారనిది అనుకున్నదానికి కూడా పక్కన ఒక షరతు ఉంటుందని పట్టుకోవడం ఆయన గొప్పతనం. తమాషా ఏమిటంటే, మరిగే నీటికి ఆయన సున్నా ఇచ్చి, మంచుకు వంద ఇచ్చాడు. 1744లో ఆయన పోయాక ఎవరో తిరగేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే జ్వరం ఎక్కువైన కొద్దీ డిగ్రీలు తగ్గేవి.

జ్వరానికి థర్మామీటరు పెట్టే అలవాటు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1868లో జర్మనీలో వుండర్‌లిచ్ అనే వైద్యుడు వేలాది రోగుల వేడి కొలిచి, 37 డిగ్రీలు మామూలు అని పుస్తకం రాశాడు. ఆయన వాడిన థర్మామీటరు అడుగు పొడుగుండేదిట. చంకలో పావుగంటకు పైగా పెట్టుకు కూచోవాలి. ఇంగ్లండులో ఆల్‌బట్ అనే వైద్యుడు ఆ రోజుల్లోనే దాన్ని ఆరంగుళాలకు కుదించకపోతే మన బీరువాల్లోకి వచ్చేది కాదు.

సరే, ఇదంతా గాజు సంగతి. మా వాడిది గాజు కాదు, కరెంటు. కరెంటు లోకంలో మంచుగడ్డలాంటిది, అంటే మారకుండా నిలబడే వోల్టేజీ, ఎక్కడ దొరుకుతుంది?

1800లో వోల్టా మొదటి బ్యాటరీ చేశాడు గాని, దాని బలం చూస్తూండగానే నీరసించిపోయేది. 1836లో డేనియల్ చేసినది కొంత నయం. ఆ తరవాత టెలిగ్రాఫు వచ్చింది. సముద్రం అడుగున వేల మైళ్ల తీగె పరిచాక అది ఎక్కడ దెబ్బతిందో ఒడ్డున కూచుని కనిపెట్టాలంటే కొలతలు ఖచ్చితంగా ఉండాలి. ఆ అవసరం తెలిసినవాడు లాటిమర్ క్లార్క్. 1864లో పర్షియన్ గల్ఫ్ గుండా కరాచీ దాకా తీగె వేసిన ఇంజనీర్లలో ఒకడు. వోల్టు అనే పేరు వాడుకలోకి రావడంలో కూడా ఆయన చెయ్యి ఉంది. 1872లో ఆయన పాదరసం, జింకుతో ఒక సెల్ చేశాడు. పని చెయ్యడానికి కాదు, కొలవడానికి మాత్రమే. 15 డిగ్రీల దగ్గర 1.434 వోల్టులు. 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ సభ దాన్నే ప్రమాణంగా ఒప్పుకుంది.

కాని దానికో జబ్బు ఉంది. గది ఒక్క డిగ్రీ వేడెక్కితే వోల్టులో వెయ్యోవంతు పైచిలుకు పడిపోతుంది. కాబట్టి ఆ సెల్‌ను వాడాలంటే పక్కన మంచి థర్మామీటరు ఉండాలి. మళ్లీ మొదటికొచ్చాం చూశారా! కరెంటు థర్మామీటరుకు మారని వోల్టేజీ కావాలి. మారని వోల్టేజీకి థర్మామీటరు కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత వీళ్ల కోసమే పుట్టినట్టుంది.

ఈ ముడి విప్పడానికి జీవితమంతా వెచ్చించినవాడు ఎడ్వర్డ్ వెస్టన్. 1850లో ఇంగ్లండులో పుట్టాడు. తల్లిదండ్రులు డాక్టరు చదవమన్నారు. ఈయనకు ఇష్టం లేదు. 1870లో అమెరికా ఓడెక్కి వెళ్లిపోయాడు. మొదట లోహాలకు పూత పూసే పనిలో చేరి, క్రమంగా కరెంటు కొలిచే పరికరాల దాకా వచ్చాడు. ఆయనకు ఒకటే పంతం. వేడికి మారని వస్తువు కావాలి. వేడెక్కినా విద్యుత్తుకు అడ్డు మారని లోహ మిశ్రమాలు కనిపెట్టాడు. తరవాత క్లార్క్ సెల్‌లో జింకు తీసేసి కాడ్మియం పెట్టి చూశాడు. 1893లో పేటెంటు వచ్చింది.

ఇంగ్లీషు హెచ్ అక్షరంలాంటి గాజు గొట్టం. ఒక కాలులో పాదరసం, రెండో కాలులో కాడ్మియం కలిపిన పాదరసం, మధ్య కాడ్మియం సల్ఫేటు ద్రవం. 20 డిగ్రీల దగ్గర 1.0183 వోల్టులు. ఒక డిగ్రీ మారితే దీనికి వచ్చే తేడా క్లార్క్ సెల్ తేడాలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. 1910లో ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, అమెరికా శాస్త్రజ్ఞులు వాషింగ్టన్‌లో కలిసి కూచుని సెల్సు పోల్చి చూసుకుని, 1911 జనవరి 1 నించి ఇదే ప్రపంచానికంతకూ వోల్టు ప్రమాణం అన్నారు. వెస్టన్ తన పేటెంటు హక్కును వదులుకున్నాడు, ఎవరైనా చేసుకోవచ్చని. కోట్లు గడించగల చోట ఆ పని చెయ్యడం నాకు ఆ సెల్ కంటే పెద్ద సంగతిగా తోచింది.

దాన్ని ఎంత అపురూపంగా చూసుకునేవారో! నిలువుగానే ఉంచాలి, పక్కకు వంచకూడదు. కుదపకూడదు. దాన్నించి కరెంటు లాగకూడదు, చిటికెడు లాగినా వోల్టేజీ తగ్గి, కోలుకోడానికి రోజులు పట్టొచ్చు. వేడి మారకుండా నూనె తొట్టిలో కూచోబెట్టాలి. ఒక దేశం సెల్‌ను ఇంకో దేశం సెల్‌తో పోల్చాలంటే, వేడి మారని పెట్టెలో పెట్టుకుని ఒక మనిషి ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకెళ్లాలి. పచ్చి బాలింత నయం. బరువెత్తకూడదు, చలిగాలి తగలకూడదు, మంచం దిగకూడదు. పైగా లోపల పాదరసం, కాడ్మియం, రెండూ విషాలే. ఇలాంటిదాన్ని మా వాడు చంకలో పెట్టే యంత్రంలో ఇరికించడం కుదిరే పనేనా?

దారి ట్రాన్సిస్టర్ల లోకంలో దొరికింది. మొదట జీనర్ డయోడు. క్లారెన్స్ జీనర్ అనే భౌతికశాస్త్రవేత్త 1934లో, విద్యుత్తును ఆపే పదార్థం ఏ బలానికి లొంగి దారి ఇస్తుందో లెక్క కట్టాడు. డయోడు చెయ్యాలన్న ఆలోచన ఆయనకు లేదు. తరవాత ఎవరో చేసి ఆయన పేరు పెట్టారు. ఎదురుదిక్కులో ఒక వోల్టేజీ దాకా ఆపి, అక్కడ లొంగి, ఆ వోల్టేజీ దగ్గరే నిలబడే డయోడు అది. అయిదు వోల్టులకు బాగా తక్కువ రకమైతే వేడికి దాని వోల్టేజీ తగ్గుతుంది. ఆరు దాటిన రకమైతే పెరుగుతుంది. రెండు స్వభావాలూ కలిసే ఆ మధ్యలో ఎక్కడో దాదాపు కదలదు.

ఇక్కడే అసలు యుక్తి మొలకెత్తింది. మారని వస్తువు కోసం వెతకడం ఎందుకు? మారేవే రెండు తీసుకుని, ఒకటి ఎంత తగ్గితే రెండోది అంత పెరిగేలా జోడు కడితే?

ట్రాన్సిస్టరుకు ఒక చెడ్డపేరు ఉంది. దాని ముడి మీద వోల్టేజీ, వేడి ఒక డిగ్రీ పెరిగితే సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. ఇంజనీర్లందరికీ అది తలనొప్పి. అయితే రెండు ట్రాన్సిస్టర్లను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని కిక్కిరిసిన కరెంటుతో, రెండోదాన్ని పల్చటి కరెంటుతో నడిపితే, వాటి మధ్య తేడా మాత్రం వేడితో పాటు పెరుగుతుంది. చాలా చిన్న తేడా. కాని తూచినట్టు పెరుగుతుంది. ఆ చిన్న తేడాను కావలసినన్ని రెట్లు చేసి, తగ్గేదానికి కలిపితే, మొత్తం కదలదు. 1.2 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ఆ 1.2 కూడా ఎవరో అనుకుని పెట్టిన అంకె కాదు. సిలికాన్ అనే పదార్థంలోనే ఉన్న గుణం. అందుకే దానికి బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్సు అని పేరు. పులుసులో చింతపండు పులుపుకు బెల్లం ఎంత వెయ్యాలో తెలిసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఏ ఒక్కటి ఎక్కువైనా నోట పెట్టలేం, పాళ్లు కుదిరితే రెండూ విడిగా తెలియవు.

1964లో అమెరికాలో హిల్‌బిబర్ అనే ఇంజనీరు ఇది చెయ్యవచ్చని చూపించాడు. దాన్ని చిన్న చిప్పులో ఇమిడ్చి లోకానికి ఇచ్చినవాడు బాబ్ విడ్లర్. ఈయన సంగతి కొంచెం చెప్పకపోతే నాకు తోచదు. 1937లో క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. తాగుడు జాస్తి, కోపం మరీ జాస్తి. పాడైన చిప్పును పారెయ్యడు. సుత్తి పెట్టి పొడి పొడి అయ్యేదాకా కొట్టేవాడు, అది మళ్లీ ఎవరి బల్ల మీదికీ వెళ్లి ఇంకొకర్ని ఏడిపించకుండా. కంపెనీవాళ్లు ఖర్చు తగ్గించడానికి ఆఫీసు ముందు గడ్డి కోయించడం మానేస్తే, ఒక గొర్రెను తన కారులో వేసుకొచ్చి ఆ గడ్డిలో మేతకు వదిలాడు. ఇంత నిలకడలేని మనిషి, నిలకడ అంటే ఇదీ అని చూపించే వస్తువు చేశాడు. 1969లో ఆయన చేసిన చిప్పు పని, ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటును సరిగ్గా 5 వోల్టులకు కట్టడి చెయ్యడం. లోపల కూచున్నది ఈ తగ్గేదీ పెరిగేదీ జోడే. 1971లో వట్టి రిఫరెన్సుగానే ఇంకో చిప్పు తెచ్చాడు. 1974లో పాల్ బ్రోకా ఆ కూర్పును మరింత పొందికగా చేశాడు. విడ్లర్ 1991లో యాభై మూడేళ్లకే మెక్సికోలో పోయాడు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది వేరే సంగతి. మా వాడి తీగె చివర ఉన్న నల్ల ముక్క ఉంది చూశారూ, దాని పేరు ఎల్.ఎం.35. విడ్లర్ పనిచేసిన నేషనల్ సెమీకండక్టర్ కంపెనీయే ఆయన వెళ్లిపోయాక తయారుచేసింది. అది వేడిని కొలిచేది దేనితో అనుకున్నారు? ఆ రెండు ట్రాన్సిస్టర్ల మధ్య పెరిగే తేడాతోనే. అంటే, వేడికి మారే వస్తువూ, వేడికి మారని వస్తువూ ఒకే కడుపున పుట్టిన కవలలు. తేడాను ఒంటరిగా వదిలితే థర్మామీటరు. తగ్గేదానితో జోడు కడితే రిఫరెన్సు. ఈ మాట మా వాడితో అంటే, "అమ్మా, మా పుస్తకంలో ఇలా రాయలేదు" అన్నాడు. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైనా నేను పట్టించుకోలేదు.

ఇంతటితో కథ అయిపోలేదు గాని, మిగతాది మన వంటింటికి అందదు. 1962లో కేంబ్రిడ్జిలో జోసెఫ్‌సన్ అనే ఇరవై రెండేళ్ల విద్యార్థి, అతిశీతలంలో ఉంచిన రెండు లోహాల మధ్య పల్చటి పొర పెడితే, వోల్టేజీకీ తరంగాల లెక్కకూ మధ్య ఎక్కడా తప్పని సంబంధం ఉంటుందని చెప్పాడు. బార్డీన్ అంతటి పెద్దమనిషి కాదన్నాడు. కుర్రవాడిదే నిజమైంది. 1973లో నోబెల్ వచ్చింది. 1990 జనవరి 1 నించి దేశాలన్నీ వోల్టును ఆ లెక్కతోనే నిలబెట్టుకుంటున్నాయి. మన న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలోనూ అదే పద్ధతి. 2019 మే 20న కొలమానాలు మళ్లీ రాసుకున్నప్పుడు, వోల్టూ, వేడీ రెండూ ప్రకృతిలోని స్థిరాంకాల మీదికి ఎక్కాయి. వెస్టన్ గాజు సెల్ అంతకు ముందే ఇంటికి వెళ్లింది. ఫారన్‌హీటు, సెల్సియస్ నమ్ముకున్న నీటికి కూడా ఆ రోజున పదవీ విరమణే.

మా ఇంటి సంగతికొస్తే, ఒక బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్సు మా వాడి బోర్డులోనే, లోపలి చిప్పులో, మొదటి నించీ ఉందిట. 1.1 వోల్టులది. ప్రోగ్రాములో ఒక్క వరస రాస్తే చాలు, చార్జరును వదిలేసి దాన్ని పట్టుకుంటుంది. అంతకు ముందు సోల పెద్దది కనక అరడిగ్రీకి తక్కువ కనిపించేది కాదు. ఇప్పుడు సోల చిన్నదైంది, డిగ్రీలో పదోవంతు కూడా కనిపిస్తుంది. "మరి మొదటే అలా చెయ్యలేదేంరా?" అన్నాను. తల గోక్కున్నాడు.

దానిలో ఒక మెలిక ఉంది. 1.1 అని పేరే గాని, చిప్పు చిప్పుకూ 1.0 నించి 1.2 దాకా ఎంతైనా ఉండొచ్చు. ఉన్నది మాత్రం కదలదు. అంటే ఈ సోలకు సొట్ట పడదు, కాని ఎంత సోలో మనమే ఒకసారి కొలిచి రాసుకోవాలి. నిలకడ ఒకటీ, ఖచ్చితం ఇంకొకటీ అన్నమాట. మా బంధువుల్లో ఒకాయన ఉన్నారు, ప్రతి పెళ్లికీ సరిగ్గా గంట ఆలస్యంగా వస్తారు. ఆయన్ని చూసి ముహూర్తం లెక్కకట్టవచ్చు.

కొలవడానికి ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కూచున్నాం. ఒక గిన్నెలో నీళ్లు పెట్టాను. "వేణ్ణీళ్లు కాదే అమ్మాయ్, గోరువెచ్చనివి. వేడెక్కువైతే పాదరసం పైకి తన్ని గాజు పగులుతుంది" అని పీట మీద కూచున్న అత్తయ్యగారు హెచ్చరించారు. నల్ల ముక్కను చిన్న ప్లాస్టిక్ కవరులో చుట్టి, గాజు థర్మామీటరు పక్కనే ముంచాడు. నేను చెంచాతో కలుపుతూనే ఉన్నాను. అయిదు నిమిషాలయ్యాక గాజుది 100 చూపించింది. వీడిది 104 పైన చూపించింది. ఆ రెండింటి లెక్క వేసి, ప్రోగ్రాములో అంకె సరిదిద్దాడు. నీళ్లు ఇంకాస్త చల్లారనిచ్చి, గాజుదాన్ని విదిలించి మళ్లీ ముంచితే రెండూ 98 మీద కలిశాయి. అప్పుడు ఆ పాత చార్జరు, ఆ పొడుగు తీగె తెచ్చి తగిలించాడు. అంకె కదల్లేదు. వాడి మొహం చూడాలి!

అత్తయ్యగారు గాజు థర్మామీటరును చీర చెంగుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూస్తూ, "అంతా బానే ఉందిరా నాన్నా. ఇంతకీ ఇది సరిగ్గా ఉందని మీకెవరు చెప్పారు? మీ తాతగారు పోయేముందు కొన్నది" అన్నారు.

మా వాడు నా వైపు చూశాడు. నేను గిన్నె తీసుకుని నీళ్లు పారబొయ్యడానికి పెరట్లోకి వెళ్లాను.